పొత్తి పొరలు

టేమా రేవు గేటు దగ్గర లారీలు తూచడం నా పని.
పదకొండేళ్లుగా.
ఏ దేశపు బియ్యమో, ఎవరి ఇల్లు కట్టే ఇనుమో
ముందు నిండుగా ఎక్కిస్తాను, తర్వాత ఖాళీగా ఎక్కిస్తాను,
తేడా రాసి సంతకం పెడతాను.
ఈ కాటాకి ఇరవై కిలోలు ఒక మెట్టు.
అబద్ధమాడదు గానీ
ఇరవైకి లోపలి నిజాన్ని లెక్కచెయ్యదు.

మధ్యాహ్నం సైరన్ మోగితే
అందరం ఆడొలే పొయ్యి దగ్గరికి.
పులిసిన మొక్కజొన్న పిండి
పొత్తి ఆకుల్లో చుట్టుకుని డ్రమ్ములో ఉడుకుతూ
గేటు ఇవతలికి వచ్చి మరీ పిలుస్తుంది.
కెంకే అంటాం మేము. ముద్ద అనుకోండి.
ఒక ముద్ద, రుబ్బిన కారం, వేయించిన కవళ్లు రెండు.
రెండు కాదు, ఒకటి.
ఒకటీ కాదు, ఈమధ్య
తలో తోకో అడిగి తీసుకోవాలి.

ముద్ద ధర మాత్రం చాన్నాళ్లు పెంచలేదావిడ.
పెంచితే మేం రాలేమని
మా జీతాలు మాకంటే బాగా తెలుసు ఆవిడకి.
బజార్లో జొన్నలు కొలిచే ఒలొంకా డబ్బాకి
అడుగున లోపలికి సొట్ట కొట్టారు.
ఆ సొట్ట ఆడొలే పిడికిట్లోకి వచ్చింది.
పిడికిట్లోంచి మా కడుపుల్లోకి.

ఒకరోజు డ్రైవర్ క్వెయి
అందరి ముందూ ముద్ద విప్పాడు.
ఒక్కో పొరా తీసి బల్ల మీద పరిచాడు.
ఆకులు ఒక పక్క, పిండి ఒక పక్క.
"నేను కొన్నది దీన్నా, దాన్నా?"
నవ్వాం. నేనే ఎక్కువ నవ్వానేమో.
ఆడొలే గరిటె కింద పెట్టలేదు.
"ఆకు కూడా ఊరికే రాదు క్వెయీ.
చేతికి నిండుగా ఉండాలని రెండు పొరలు ఎక్కువ చుడుతున్నా.
గేట్లోంచి పట్టుకెళ్తుంటే
నలుగురిలో నీ తిండి చిన్నగా కనిపించకూడదు కదా"
క్వెయి ఆకులన్నీ మళ్లీ కూడేశాడు.
కారం కొంచెం ఎక్కువ వెయ్యమన్నాడు, అంతే.

ఆ నెల జీతం కాగితం వచ్చింది.
పోయినేడు మూడు వరుసలుండేవి.
ఇప్పుడు ఏడు: మూలవేతనం, బాధ్యతాభత్యం,
రేవుగాలి భత్యమట, నాకు తెలియనివి ఇంకేవో.
పైనుంచి కిందికి ఒలుచుకుంటూ వచ్చాను.
అడుగున, అదే ముద్ద.

తప్పు ఎవరిని పట్టను?
నేనూ చుడుతూనే ఉన్నాను.
ట్రోట్రో ఎక్కకుండా నడిచొచ్చి
దారిలో పాత స్నేహితుడు కనబడ్డాడంటాను.
మీటర్లో కరెంటు అయిపోతే
చల్లగానే ఉందిలే, ఫ్యానెందుకంటాను.
పిల్లదాని బూట్ల ముందు భాగం కోసి
సముద్రపు ఊళ్లో కాళ్లకి గాలి మంచిదన్నాను.
లామిలే నమ్ముతుంది.
నమ్మినట్టు
తనూ ఒక ఆకు చుట్టి నా చేతిలో పెడుతుంది.

నిన్న సాయంత్రం లారీలన్నీ వెళ్లిపోయాక
ఇంటికి కొన్న ముద్ద పట్టుకుని
నేనే కాటా ఎక్కాను.
అద్దంలోంచి అంకె చూశాను: అరవై.
ముద్ద గట్టు మీద పెట్టి మళ్లీ ఎక్కాను.
అరవై.
ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, సరదాకి ఎక్కితే
ఎనభై అన్నది ఇదే కాటా.
మధ్యలో ఏ రోజున దిగానో ఆ మెట్టు,
ఎవరూ రాయలేదు, సంతకం లేదు.

గట్టు వైపు చూస్తే మేక.
ఆడొలే పొయ్యి వెనక పడేసిన పొత్తి ఆకులు తిని
ఈ ఏడు మా వీధిలో ఒళ్లు చేసింది అదొక్కటే.
ముద్ద వాసన చూస్తోంది.
నేను అదిలిస్తే బెదిరి
తిన్నగా వచ్చి కాటా ఎక్కింది.

ఇరవై, అన్నది కాటా.
వెంటనే.